వెనక్కి నడిచిన గార్డు

కోర్బా వెళ్ళే పొద్దుటి బండిలో మా డ్రైవర్ బావ నా ఎదుటి సీట్లో కూర్చుని ఉండడం చూడగానే నాకు అనుమానం వచ్చింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. లాల్‌ఖదాన్‌లో తమ్ముడి ఇంట్లో ఉంటూ, టీ కొట్టు దాకా రావాలన్నా లుంగీ మార్చని మనిషికి ఏప్రిల్ ఎండల్లో బూట్లెందుకు?

అతను కూడా నా బూట్లే చూస్తున్నాడు.

ఎక్కడికని అడిగాను. తమ్ముడి కొడుక్కి పెళ్ళికని కోర్బాలో ఒక గుంటని చూడ్డానికన్నాడు. నన్నడిగాడు. మోకాళ్ళకి నూనె కాచి ఇచ్చే వైద్యుడొకాయన కోర్బాలో ఉన్నాడన్నాను. అచ్ఛా అన్నాడు. నేనూ అచ్ఛా అన్నాను. ఇద్దరి ఒళ్ళోనూ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైళ్ళున్నాయి. పిల్లని చూడ్డానికి ఫైలెందుకో నేనడగలేదు. మోకాళ్ళకి ఫైలెందుకో అతనడగలేదు. అకల్తరా వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా పొలాలు చూశాం. కోసేసిన పొలాల్లో చూడ్డానికి పుట్టలు తప్ప ఏమీ లేవు.

బావ అంటే చుట్టరికమేమీ లేదు. మా ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చారు. పక్కపక్క క్వార్టర్లలో పెరిగాం. పెద్దవాళ్ళు వరసలు కలిపేసుకుంటే మాకు పిలుపులు మిగిలాయి. అతను గూడ్సు బళ్ళు నడిపాడు. నేను వాటి తోకన బ్రేకు వ్యానులో గార్డు పని చేశాను. ఒకే బండికి అతను ముందు, నేను వెనక, మధ్యలో బొగ్గు. అలా ముప్ఫై ఏళ్ళు మాట్లాడుకున్నది తక్కువ, జెండాలు ఊపుకున్నది ఎక్కువ.

మా వైపు రిటైరైన రైల్వేవాళ్ళకి రెండో జన్మ ఒకటుంటుంది. బొగ్గు గనులకీ కరెంటు ప్లాంట్లకీ సిమెంటు ఫ్యాక్టరీలకీ సొంత పట్టాలుంటాయి, వాటిని సైడింగ్ అంటారు. అక్కడ బండిని ఎలా నిలబెట్టాలో ఎలా సాగనంపాలో తెలిసినవాడు కావాలి కనక మా లాంటివాళ్ళని పిలిచి ఇంటర్వ్యూ చేస్తారు. అరవై అయిదు దాటితే మాత్రం పిలవరు. నాకు దాటడానికి రెండు నెలలుంది.

అప్పటికి రెండు ఇంటర్వ్యూలు అయిపోయాయి. మొదటిది భాటాపారా వైపు సిమెంటు సైడింగ్‌లో. ఆ దారిలో తోడేళ్ళ గుంపుని చూశాను. రెండోది పెండ్రా రోడ్ దాటాక. ఆ దారిలో ఎలుగుబంటి ఒకటి రోడ్డు పక్కన రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, ఆటో ఎత్తు ఉంది, నన్ను కిందికీ పైకీ చూసింది. ఇంటికొచ్చి మా ఆవిడకి ముందు ఆ సంగతులే చెప్పాను. ఆమె కూరలో గరిటె తిప్పుతూ మొత్తం వింది. "ఎలుగుబంటి ఇంత పెద్దదంటే ఉద్యోగం నేదన్నమాట," అంది.

నిజం చెప్పేస్తాను. తోడేళ్ళు కుక్కలు. ఎలుగుబంటి ఎలుగుబంటే గానీ నన్ను చూడలేదు, నిలబడలేదు కూడా. దూరంగా పుట్ట తవ్వుకుంటూ ఉంది, తల మొత్తం పుట్టలోనే ఉంది. బస్సులో మిగతావాళ్ళు మోడు అన్నారు. కదిలింది కాబట్టి ఎలుగే అని నా పట్టు.

మూడోసారి బయల్దేరుతుంటే మా ఆవిడ గడపలోనే తేల్చి చెప్పింది. ఇదే ఆఖరట. ఈసారి పులిని చూసొచ్చినా సరే, మరింక ఏ అడవికీ ఏ ఆఫీసుకీ పంపదట. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. ఇంట్లో నేను కుక్కరు కూతలు కూడా లెక్కపెడుతుంటాను. కానీ నా సంగతి ఆమెకెలా చెప్పను? యాభై ఎనిమిది పెట్టెల బొగ్గు బండి నా పచ్చజెండా చూస్తేగాని కదిలేది కాదు. ఇప్పుడు మా తిఫ్రా రోడ్డు మీద లారీలు నన్నడక్కుండానే పోతున్నాయి. ఇంకొక్కసారి, ఒక్క సైడింగ్‌లోనైనా సరే, నా చెయ్యి కోసం ఒక బండి ఆగి ఉండాలని నా కోరిక. దానికి ఇదే ఆఖరి అవకాశం.

సరే, కోర్బా వచ్చింది. బావ పిల్ల వాళ్ళింటికని ఒక వైపు, నేను వైద్యుడింటికని ఇంకో వైపు వెళ్ళాం. కాసేపటికి బస్టాండులో కట్‌ఘోరా మీదుగా అడివిలోకి పోయే బస్సు దగ్గర మళ్ళీ ఎదురుపడ్డాం.

"పిల్ల అడివిలో ఉంటదేటి బావా?" అన్నాను.

"నీ వైద్యుడు ఏనుగులకి కూడా మర్దనా సేస్తాడేటి?" అన్నాడు.

అప్పుడు ఫైళ్ళు బయటికి తీశాం. ఒకే సైడింగ్. ఒకే పోస్టు. పిలుపు కూడా ఒకే రోజుకి. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అతన్ని నిలదీశాను. నువ్వెందుకు చెప్పలేదన్నాడు. ఒకే కొట్లో టీ తాగాం గానీ ఎవరి కప్పు వైపు వాళ్ళు చూసుకుంటూ తాగాం.

బస్సెక్కాక అతను వెళ్ళి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. నా కాళ్ళు నన్ను ఆఖరి సీటుకి తీసుకెళ్ళాయి. ఎవరూ చెప్పలేదు, అలవాటు.

ఆ ఆఖరి సీట్లోనే నాకొక సంగతి తట్టింది. ఈ చుట్టుపక్కల దేశమంతా నాకు తెలుసని చెప్పుకుంటాను. నాకు తెలిసింది వెళ్ళిపోతున్న దేశం. బ్రేకు వ్యాను వెనక నిలబడ్డవాడికి కొండ అయినా చెరువు అయినా పక్కనించి వచ్చి చిన్నదైపోతూ దూరమౌతుంది. బావ చూసింది ఎదురొచ్చే దేశం. ఒకే లైను మీద పనిచేసి ఇద్దరం రెండు దేశాలు చూశాం. అందుకే కాబోలు, అతనికి దేన్ని చూసినా ముందే తెలిసినట్టుంటుంది, నాకు దేన్ని చూసినా అరె, తప్పిపోయిందే అనిపిస్తుంది.

కట్‌ఘోరా దాటాక అడివి మొదలైంది. గుగ్గిలం చెట్లు. ఇక్కడివాళ్ళు సరై అంటారు. ఒక్క చెట్టూ వంకర ఉండదు, అన్నీ నిటారుగా పోలీసు లైన్లో నిలబడ్డట్టుంటాయి. అంత నిటారుగా ఉన్నదాన్ని నేను నమ్మను. వాటి మధ్య ఎక్కడో ఒక ఇప్పచెట్టు, దాని కింద నేలంతా ఊడ్చి, రాలిన పువ్వు ఏరుకుంటున్న ఆడవాళ్ళు. బస్సు పోతుంటే వాళ్ళు తలెత్తి, మేము దిగి పువ్వు ఎత్తుకుపోతామేమో అన్నట్టు చూశారు. కొండముచ్చులు రోడ్డు గోడ మీద కూర్చుని అదే చూపు చూశాయి. ముక్కు మీద ఇంకో ముక్కు అతికించుకున్నట్టున్న బూడిదరంగు పక్షి ఒకటి కొమ్మ మీంచి లేచి, రెక్కల్తో గాలిని దువ్వుతూ, మా బస్సుతో పాటు కొంత దూరం వచ్చింది. దాని పేరు నాకిప్పటికీ తెలియదు. అది కూడా నా ఫైలు చూడ్డానికే వచ్చిందనుకున్నాను. ఆ రోజు నాకందరి మీదా అనుమానమే.

ఒక మలుపు తిరగ్గానే బస్సు ఆగింది. ముందు సీట్లలోంచి గుసగుసలు వెనక్కి పాకాయి. హాథీ, హాథీ. అందరూ లేచి ముందుకి తోసుకున్నారు. కండక్టరు గొంతు తగ్గించి ఎవరూ దిగొద్దని, హారన్ కొట్టేది లేదని చెప్పాడు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఈ రోడ్డు మీద ఏనుగులు దాటడం మామూలేనట. అవి పోయేదాకా ఆగడమేనట.

బస్సులో అందరూ ముందుకి చూస్తున్నారు. నేను ఒక్కణ్ణే వెనక్కి చూశాను. మేం ఆగింది మలుపుకి ఇవతల. మలుపు అవతల నుంచి బొగ్గు లారీలు వస్తున్న చప్పుడు. మా బస్సు తోక వాళ్ళకి కనబడదు.

రైల్వేలో పనిచెయ్యని వాళ్ళకి ఇది చెప్పాలి. రెండు స్టేషన్ల మధ్య బండి అనుకోకుండా ఆగిపోతే గార్డు చెయ్యాల్సిన మొదటి పని, దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం. ఎర్రజెండా పట్టుకుని, వెనకనుంచి ఇంకో బండి వచ్చి గుద్దకుండా కాపలా కాయడం. ముందు ఏమైందని అడగడం కూడా తర్వాతే. ముందు సంగతి డ్రైవరు చూసుకుంటాడు. ఇది నా బుర్రలో కాదు, పిక్కల్లో ఉంటుంది. నేను వెనక తలుపు తీసుకుని దిగిన సంగతి నాకు దిగాకే తెలిసింది. మెడలో ఎర్ర తువ్వాలు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని మలుపు అవతలికి నడిచాను. ఫైలు సీటు మీదే ఉండిపోయింది.

తువ్వాలు ఊపుతూ రోడ్డు నడిమధ్య నిలబడ్డాను. మొదటి లారీ ఆగింది. రెండోదీ ఆగింది. ఇరవై లారీలు ఆపానని తర్వాత మా సందులో చెప్పాను. రెండే. ఆగిన లారీల డ్రైవర్లు అద్దాలు పైకెత్తేసి, తలుపులు బిగించుకుని, చుట్టూ చెట్ల వైపు చూడ్డం మొదలుపెట్టారు. ముసలాణ్ణి రోడ్డు మీద నిలబెట్టి వెనకనుంచి దోచుకునే ముఠా అనుకున్నారన్నమాట. ఏనుగులున్నాయని చేతులతో చూపించాను. నేను తొండం అభినయించిన కొద్దీ వాళ్ళకి భయం ఎక్కువైంది. అయినా, చాలా రోజుల తర్వాత నా చెయ్యి చూసి రెండు బళ్ళు ఆగాయి. అబద్ధమెందుకు, ఆ కాసేపు నా అంత సుఖంగా ఉన్నవాడు ఆ అడివిలో లేడు.

ఎంతసేపైందో. లారీలవాళ్ళకి ఓపిక పోయి, నన్ను పక్కనించి తప్పించుకుని, హారన్ కొట్టుకుంటూ పోయారు. నేను మలుపు తిరిగి వెనక్కొచ్చేసరికి రోడ్డు ఖాళీ. బస్సు లేదు. ఆవిరి ఇంకా పోని ఏనుగు లద్దె ఉంది.

రైల్వే చరిత్రలో గార్డు ఆల్ రైట్ చెప్పకుండా బండి కదలదు. నా డ్రైవరు నన్ను వదిలేసి పోయాడు.

అప్పుడే చెట్ల మధ్యలోంచి దంతాలున్న మగ ఏనుగు వచ్చింది. నేనూ అదీ కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకున్నాం. తొండమెత్తింది. నేను తువ్వాలెత్తాను. అది తల దించి దారిచ్చింది. ఇలాగే చెప్పాను అందరికీ. జరిగిందేమిటంటే, గుగ్గిలం చెట్ల మధ్య ఒక ఏనుగు వెనకభాగం కనబడింది. చిన్న తోక ఒకటి, ఇటూ అటూ. అది లోపలికి పోతోంది. గార్డుని కదా, నాకు దక్కేది తోకే. కానీ ఆ తోక చెట్లలో కలిసిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను. అంత పెద్ద ఒళ్ళు అన్ని ఎండుటాకుల మీద నడుస్తుంటే చప్పుడు రాలేదు. అదొక్కటీ పెంచి చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు.

నడిచాను. పాల క్యాన్లు కట్టుకుని మోటారుసైకిలు మీద వస్తున్న ఒకాయన, ముందు నా రెండు చేతులూ చూపించమని, తర్వాత తువ్వాలు దులిపి చూపించమని, ఆ తర్వాతే ఎక్కించుకున్నాడు.

సైడింగ్ ఆఫీసు బయట బెంచీ మీద బావ కూర్చుని ఉన్నాడు. అతని ఇంటర్వ్యూ అయిపోయింది. నా ఫైలు అతని ఒళ్ళో లేదు. నేను నోరు తెరిచేలోపే లోపలినించి నన్ను పిలిచారు. నా ఫైలు మేనేజరు బల్ల మీద ఉంది.

మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. మంచినీళ్ళిచ్చాడు. ఆలస్యమెందుకైందని హిందీలో అడిగాడు. నాకింకేం కావాలి? ఏడు ఏనుగులన్నాను. మధ్యలో దంతాలున్న మగది అన్నాను. ఇరవై లారీలు ఆపానన్నాను. గార్డుకి ఇప్పుడు ట్రైన్ మేనేజరని పేరు పెట్టారు కదా, నేను దిగిపోయాక పెట్టిన పేరు అది, ఆ పేరు కూడా నాకు తగిలించుకున్నాను.

అతను అంతా విని చెప్పాడు. "మీ స్నేహితుడు మూడు అన్నారు. మీరు బస్సు వెనక కాపలాకి దిగారని, వచ్చేస్తారని, అంతవరకు మీ ఫైలు ఉంచమని ఇచ్చారు. ఇక్కడ రాత్రిపూట పట్టాల మీద ఏదైనా వస్తే నాకు ఫోన్ చేసి చెప్పేది ఆ పోస్టులో ఉండే మనిషే. మీరు ఎన్ని చూశారు?"

"ఒకటి," అన్నాను. "దాని వెనకభాగం."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. థాంక్యూ అన్నాడు. ఆ థాంక్యూ నాకు తెలుసు, భాటాపారాలోనూ విన్నాను.

బయటికొస్తూ ఉంటే నాకు బుర్రలో ఒక లెక్క తేలింది. బావ నా గురించి మంచే చెప్పాడు. నేను వెనక కాపలాకి దిగానని చెప్పాడు. దిగానని అతనికెలా తెలుసు? చూశాడు కాబట్టి. చూశాడంటే, మరి బస్సు ఎలా కదిలింది?

సైడింగ్ గేటు పక్క టీ కొట్టు దగ్గర అడిగాను. మామూలుగా అతను జవాబుకి ముందు టీ ఊదుకుంటాడు. ఊదుకోలేదు.

"సూశాను బావా. అద్దంలో అవుపించావు. ఎర్ర తువ్వాలు పట్టుకుని ఎల్తన్నావు. ఏనుగులు దాటేశాయి, కండక్టరు రైట్ అన్నాడు. గార్డు కింద ఉన్నాడని సెప్పాలి నేను. నోరు తెరవలేదు."

"ఎంతసేపు?"

"రెండు మలుపులు. తర్వాత ఆపమన్నాను. ఏనుగులున్న సోట బండి వెనక్కి తిప్పేది నేదన్నాడు డ్రైవరు."

మొదటి సగం వెంటనే నమ్మాను. రెండో సగం ఈ రోజుకీ సగమే నమ్ముతాను.

ఎందుకు తెరవలేదని అడిగాను. అతను పట్టాల వైపు చూస్తూ చెప్పాడు. "నీకు ఇల్లుంది బావా. తిట్టే మనిషుంది ఇంట్లో. మా తమ్ముడింట్లో నన్నెవలూ తిట్టరు. ఎవలూ ఏటీ అనరు. కంచం ఎడతారు, తీస్తారు. లైను పక్కన ఇల్లు. బండి కూత ఎట్టినప్పుడల్లా లేచి కూకుంటాను."

వాళ్ళావిడ పోయి నాలుగేళ్ళు. నేను తిడదామని తయారుచేసుకున్న మాటలు బాగానే ఉన్నాయి, వాటిలో రెండు మా నాన్నవి. ఒక్కటీ వాడలేదు. అతని చోట నేనుండి ఆ అద్దం నా ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు, చెప్పను. టీ డబ్బులు మాత్రం అతని చేతే ఇప్పించాను. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

ఉద్యోగం నాకే వచ్చింది. బావ కోసం వదిలేసుకున్నాను. తిఫ్రాలో మా సందులో ఎవర్నడిగినా ఇలాగే చెబుతారు, నేను చెప్పాను కాబట్టి. మా ఆవిడ కూడా బయటివాళ్ళ ముందు అవునవునంటుంది. నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. అతనికి చేశారు. పెట్టె సర్దుకుని వెళ్ళే ముందు మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ అతన్ని మనసారా తిట్టింది, చిక్కిపోయావని, బూట్లకి మేజోళ్ళేవని, అడివిలో ఎవరు వండి పెడతారని. అతను తలొంచుకుని అన్నీ విని, రెండోసారి చారు పోయించుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తాడు. అక్కడ ఏమిటి విశేషాలంటే ఏటీ నేదంటాడు, బొగ్గు దుమ్ము అంటాడు. ఏనుగులొచ్చాయా అంటే రాలేదంటాడు. ఎలుగులు? నేవు. ఏదీ లేదని ఇన్నిసార్లు చెబుతున్నాడంటే నాకు అనుమానం. అతను పెంచి చెప్పే మనిషి కాదు, కానీ తగ్గించి చెప్పడం నేర్చుకున్నాడేమో. నేను ఇక్కడ తిఫ్రా సందులో కూర్చుని బాధపడతానని అన్నీ దాచేస్తున్నాడేమో.

మొన్న ఆదివారం మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ఏమైందన్నాను. షంటింగ్ అన్నాడు, పెట్టెలు అటూ ఇటూ మారుస్తున్నారట. ఫోన్లో ఇంజను చప్పుడు లేదు. ఏదో కొమ్మ విరిగింది, నిదానంగా, ఎవరో తీరిగ్గా విరుస్తున్నట్టు.

"ఎన్ని బావా?" అన్నాను.

ఫోన్లో ఇంకో కొమ్మ విరిగింది.

"నానెందుకు సెప్పాలి. నువ్వొచ్చి సూసుకో," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

వెళ్ళాలి. ఇది ఇంటర్వ్యూ కాదని మా ఆవిడకి నిన్నే చెప్పాను. నమ్మినట్టు లేదు. నా బూట్లు ఎక్కడో దాచేసింది.